రెండు పట్టీల నడుమ

ఉదయం తొమ్మిదింటికి ఒక ప్రోగ్రామర్‌ను ఆఫీసు లిఫ్టులో కాల్చి చంపారు. హతుడు ఏజెంట్ మౌనికి స్వయానా అన్న. మౌని శవాన్ని చూశాడు, గడియారం చూసుకున్నాడు, బ్రీఫింగ్‌కు వెళ్లాడు. మనసులో ఏ కదలికా లేదు.

"పన్నెండున్నర రైలులో వెయ్యిమంది ఉంటారు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా అందులోకి బాంబు ఎక్కిస్తోంది. స్టేషన్ స్కానర్‌లో నడిచేది మీ అన్నగారి ప్రోగ్రామే. అక్కడ మన మనిషి మీ వదిన. కోడ్ వర్డ్, గొడుగు."

కూలీ వేషంలో మౌని స్కానర్ గదిలో ప్రవేశించాడు.

"గొడుగు మరిచారా మేడమ్?"

ముత్యాల దుద్దులు, ఎర్రటి లిప్‌స్టిక్. వదిన తెర మీది చూపు మరల్చలేదు. "ఎండలో గొడుగెందుకు మరిదిగారూ? మీ అన్నయ్య సంగతి తెలిసింది. డ్యూటీ దిగాక ఏడుస్తాను."

ఆ యంత్రానికి మెమరీ స్వల్పం. ఎక్స్‌రే చిత్రాన్ని పట్టీలుగా కోసి, ఒక్కొక్క పట్టీలోని వస్తువులను విడదీసి, దానిని మరిచి మరొకదానికి వెళ్లేది. మరీ చిన్న మచ్చలను ధూళిగా భావించి తుడిచివేసేది.

గోధుమరంగు సూట్‌కేసు లోపలికి వెళ్లింది. తెర మీద పచ్చరంగు: క్షేమం. కాని మౌని కళ్లజోడులోని రిసీవర్ తుడవని చిత్రాన్ని చూపింది. ఒక పట్టీ అడుగున ఒక మచ్చ, దాని కిందిపట్టీ పైఅంచున మరొకటి. విడివిడిగా రెండూ ధూళి. కలిపితే వేలెడు డిటొనేటర్.

"అన్నయ్య ప్రతి పట్టీలో చివరి చుక్కల వరస దాచి, తరువాతి దానితో అతికేవాడు. ఆ అతుకేది వదినా?"

"మెమరీ చాల్లేదు. తీసేశా."

"ఒక్క వరస. దానికెంత మెమరీ కావాలి?"

"ఆయనా నిన్న ఇదే అడిగారు. పై అధికారికి చెబుతానన్నారు." ఆమె గొంతు మారలేదు. "ఆ ముఠావాళ్లు నన్ను మీకంటే బాగా చూసుకుంటారు, మరిదీ."

ఆమె చెయ్యి లిప్‌స్టిక్ రూపంలోని పిస్టల్‌ను అందుకునేలోగా మౌని ఆమె మణికట్టు విరిచాడు. సూట్‌కేసు అప్పటికే రైలెక్కింది. పరుగు. నాలుగో బోగీలో ఆ సూట్‌కేసు తెరిచాడు. సబ్బులవలె పేర్చినవి సబ్బులు కావు. వైరు తెగేసరికి టైమర్‌లో ఒక్క సెకను మిగిలింది. రైలు సకాలంలో కదిలింది.

సాయంత్రం మౌని సెలవు దరఖాస్తు నింపాడు. 'కుటుంబ కారణం' అన్నచోట 'అన్న మృతి, వదిన అరెస్టు' అని రాశాడు.

గుమాస్తా దానిని తిరిగిచ్చాడు.

"ఒక దరఖాస్తుకు ఒకటే కారణమండీ."