రెండో పడవలో చప్పుడు

ఆ ఓడమీద రెండో నంబరు లైఫ్‌బోటు మంచిది కాదని పేరు. చీకటి పడితే చాలు, అందులోంచి టక్... టక్... మని ఎవరో వేలితో కొడుతున్నట్టు వినిపించేదట. దాహానికి అలమటించి చచ్చిపోయినవాడెవడో దెయ్యమై అందులోనే ఉన్నాడని, ఓడ సామాన్ల గది చూసుకునే స్టోరు తాత అందరికీ చెప్పేవాడు. ఆయన పని మానేసి, ఒడ్డున కన్నుమూశాక కూడా దాని జోలికి ఎవరూ పోలేదు.

ఓడ తగలబడి మునిగిననాడు సైతం పదకొండుమందీ ఒకటో పడవలోనే ఇరుక్కున్నారు. రెండోదాన్ని ఉత్తగా దించి, తాడుతో వెనక కట్టుకున్నారు.

ఒకటో పడవలో ఆపదకని సామాన్లు దాచే పెట్టె తెరిచారు — ఖాళీ. మనిషికి మూడు లీటర్ల చొప్పున నీళ్లు, బిస్కెట్లు ఉండాల్సిన పెట్టె.

ఓడ వంటాయన తలెత్తలేదు. టీలోకి బిస్కెట్లు, కుళాయిదాకా వెళ్లడానికి బద్ధకించిన రోజున నీళ్ల ప్యాకెట్లు... ఏళ్ల తరబడి ఎత్తుకుపోయింది ఆ చేతులే.

రెండో రాత్రి. మంటల్లో ఒళ్లు కాలిన మేనల్లుడు ఆయన ఒళ్లోనే ఉన్నాడు.

"మామయ్యా... ఒక్క గుక్క..."

తెస్తా నాన్నా అన్నాడు. ఎక్కణ్ణుంచి తెస్తాడు?

వెనక చీకట్లో — టక్... టక్...

ఆయన తాడు పట్టి లాగాడు. మతి పోయిందా అని నావికులకి పెద్దయిన సరంగు కసిరాడు, మిగతావాళ్లు చొక్కా పట్టుకున్నారు.

"దాహంతో పోయినవాడేగా... మన బాధ తెలియదా," అని గొణిగి, దేవుణ్ణి తలుచుకుని అటు దాటాడు.

చప్పుడు పెట్టెలోంచే. మూత ఎత్తాడు.

ఆగిపోయింది.

చేతికి టార్చి తగిలింది. వెలిగిస్తే — నీళ్లు! పెట్టె నిండా నీళ్ల ప్యాకెట్లు, బిస్కెట్లు. మూత లోపలివైపు దారానికి వేలాడుతున్న చిన్న రేకు డబ్బా, దానికో చీటీ. స్టోరు తాత గుండ్రటి రాత:

"దెయ్యమూ లేదు, ఏమీ లేదు. ఓడ ఊగితే చప్పుడయ్యేలా డబ్బాలో నట్టు వేసి కట్టింది నేనే, వంటవాడి చెయ్యి పడకుండా. కొంచెం కొంచెంగా తాగండి నాన్నా."

మేనల్లుడి పెదాలు తడిసేదాకా వంటాయన తాను ముట్టలేదట. పంచుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడట.

తెల్లారాక సరంగు నవ్వుతూ ఆ డబ్బా తీసుకుని ఊపాడు. చప్పుడు రాలేదు. మళ్లీ ఊపాడు. మూత తీసి చూస్తే — నట్టు తుప్పుపట్టి, అడుగుకి కరుచుకుపోయి ఉంది. గోటితో పెకిలించినా కదల్లేదు. ఎన్నేళ్లయిందో అలా.

"మరి రాత్రి..." అన్నాడు మేనల్లుడు.

వంటాయన వెనక వస్తున్న ఖాళీ పడవకి చేతులు జోడించాడు.