చూపుల షెడ్డు

ఆళ్లగడ్డలో రాతిబొమ్మలు చెక్కే షెడ్ల వరస ఉంది చూడండి, దాంట్లో కొనాకరి షెడ్డుకు చెడ్డపేరు. పొద్దు గూకినాక దాని ముందు నడిస్తే, వీపు మీద ఎవరో చూస్తాన్నట్టే ఉంటాదంట. తిరిగి చూస్తే... అన్నీ రాతిబొమ్మలే. అందుకే చూపుల షెడ్డు అని పేరు పడింది. నవ్వుతాండారా? నవ్వండి. నేను విన్నదే చెప్తాండా.

నంద్యాల ఫొటోగ్రాఫర్ బ్లెస్సీ కూడా నవ్వింది. ఆమె భయమంతా ఒక కల్యాణ మండపం ఓనరంటేనే. ఆయన కొత్త మండపం గుమ్మంలో పెట్టడానికి, దీపం పట్టుకున్న ఆడబొమ్మను ఆ షెడ్డు శిల్పి మద్దిలేటికి పురమాయించినాడు. దాని ముఖం ఫొటో తీసి పంపమని బ్లెస్సీకి చెప్పినాడు. నచ్చితే ఆ మండపంలో జరిగే పెళ్లిళ్ల ఫొటోలన్నీ ఆమెవే.

రెండుసార్లు పంపింది. రెండుసార్లూ ఒకటే తిట్టు. "ముక్కు ఉంటే చెవి లేదు. కండ్లయితే మొత్తం మసక. ఇంకొక్కసారి చూస్తా, అంతే."

పాపం, పిల్లకు అన్నం దిగలేదు. కొత్త కెమెరాను కిందామీదా చేసి చూస్తే ఫోకస్ స్టాకింగ్ అని ఒకటి దొరికింది. మనం ఒకసారి నొక్కితే చాలు... ముక్కు కొన నుంచి చెవిదాకా, ఫోకస్‌ను కొంచెం కొంచెం లోపలికి జరుపుకుంటా, కెమెరానే వరసగా ఫొటోలు తీసుకుంటాది. అన్నిట్లో స్పష్టంగా ఉన్నది ఏరి ఒకే ఫొటో చేస్తాది. కానీ ఏదీ కదలకూడదు. పగలంతా కోత మిషన్ల అదురు. అందుకే మిషన్లు ఆగినాక వచ్చింది, తోడుగా చిన్నాయన యేసురత్నాన్ని తెచ్చుకుంది. ఆయన మనిషే వచ్చినాడు, ధైర్యం నంద్యాలలోనే ఉండిపోయింది.

మొదటిసారి నొక్కితే ముఖమంతా చారలు. ఒక చార స్పష్టం, ఒక చార మసక. ఫోకస్ జరిగే అడుగు పెద్దదైందని తగ్గించి, ముప్పై ఫొటోలకు పెట్టి మళ్లీ నొక్కింది.

టక్... టక్... టక్...

"పాపా," చిన్నాయన గుసగుసలాడినాడు. "ఆమె మనల్నే చూస్తాంది."

"రాయి చిన్నాయనా. ఊపిరి గట్టిగా వదలాకు, స్టాండు కదుల్తాది."

టక్. ముప్పై అయిపోయినాయి. కెమెరా కాసేపు ఆలోచన చేసింది... చేసింది... ఫొటో వచ్చింది.

అబ్బ! ముక్కుపుడక, చెవికమ్మ, అన్నీ అద్దంలో చూసినట్టు. కండ్లు — రెప్పల వెంట్రుకలతో సహా!

బ్లెస్సీ ఎగిరి గంతేసింది. ఆడనే నిలబడి ఓనరుకు పంపింది. నిమిషంలో జవాబు. "కండ్లు బ్రహ్మాండం! పొద్దున్నే వచ్చి చూస్తా. బొమ్మకు అచ్చం ఇవే కండ్లుంటే పెళ్లిళ్లన్నీ నీవే."

ఆ సంతోషంలో ఇద్దరూ ఎదురుగా ఉన్న మద్దిలేటి ఇంటికి పరుగెత్తినారు. మద్దిలేటి అన్నం తింటాండాడు. ఎడమచేత్తో కెమెరా పట్టుకుని ఫొటో చూసినాడు. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది.

"ఏ బొమ్మమ్మా ఇది?"

"ఏందన్నా అట్లడుగుతావ్? నీ దీపం బొమ్మే కదా."

"దానికి కండ్లు... నేనింకా చెక్కలేదే," అన్నాడు మద్దిలేటి సన్నగా. "బండికెక్కించే పొద్దే మేం కండ్లు తెరిచేది. అంతవరకూ ఆడ ఉత్త నున్నటి రాయే. ఎవరూ చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. చర్చి వీధి పిల్లకు శిల్పుల ఆచారం ఎవరు చెప్తారు? ముందు రెండుసార్లూ మసక కాదన్నమాట. అసలు కండ్లే లేవు.

చిన్నాయన గోడకు జారగిలబడినాడు. బ్లెస్సీకి ఒళ్లు జలదరించింది. కానీ ఓనరు మాట గుర్తొచ్చి, జలదరింత పక్కన పెట్టింది. పని పోతే మళ్లీ వస్తాదా?

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. తెల్లారేలోపల అచ్చం ఈ కండ్లే చెక్కెయ్యన్నా!"

మద్దిలేటి షెడ్డు వైపు ఒకసారి చూసి, గబుక్కున తల తిప్పుకున్నాడు.

"నేనా? ఇప్పుడా?... ఆమె చూస్తాంటే యెట్ల చెక్కేదమ్మా?"