ఆల్బమ్‌లో లేని మనిషి

గోపాల్ చనిపోయే ముందు చేసిన ఆఖరి పని కళ్ళద్దాలు తుడుచుకోవడం.

హోటల్ కెమెరా దాన్ని స్పష్టంగా రికార్డ్ చేసింది. సింగపూర్, జూన్ నెల, మిట్టమధ్యాహ్నం. లాబీలో ఏసీ చలికి రిసెప్షనిస్టు స్వెటర్ వేసుకుని ఉంది. గాజు తలుపులు విడిపోయాయి. గోపాల్ బయటికి అడుగుపెట్టాడు. బయటి తేమకి చల్లటి అద్దాలు గుప్పున మసకబారాయి. ఆగి, చొక్కా అంచుతో తుడుచుకోసాగాడు. టూరిస్టు టోపీ పెట్టుకున్న ఒకడు వెనకనుంచి వచ్చి గుద్దుకుని, సారీ చెబుతున్నట్టు భుజం తట్టి వెళ్ళిపోయాడు. గోపాల్ టాక్సీల క్యూ దాకా నడిచి అక్కడే కూలబడ్డాడు.

సూది గుచ్చిన చోటు పోస్ట్‌మార్టమ్‌లో గాని బయటపడలేదు.

"ఆ వీడియో మళ్ళీ వెయ్యనా?" అంది మార్గరెట్ డోయల్. శాన్‌ఫ్రాన్సిస్కోలో కౌంటర్ ఇంటెలిజెన్స్ సెక్షన్‌కి ఆమె చీఫ్. తల పూర్తిగా నెరిసింది, మాట ఎప్పుడూ పొదుపే.

"వద్దు," అన్నాడు దామోదర్. గోపాల్ అతని కొలీగ్ మాత్రమే కాదు. ఆరేళ్ళు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు.

"అయితే విను. ఆపరేషన్ ఉక్కపోత. ఆ పేరు గోపాలే పెట్టాడు. నాకు నోరు తిరగదు. నేవీ రాడార్ చిప్ ఒకటి పోయింది. విదేశీ ముఠా దాన్ని సింగపూర్‌లో అమ్మకానికి పెట్టింది. కొనేవాడి వేషంలో గోపాల్ వెళ్ళాడు. అది అసలుదో నకిలీదో చెప్పడానికి దాన్ని డిజైన్ చేసిన మనిషిని పంపాం."

"వాసుదేవరావు అంకుల్."

"మధ్యవర్తి ఉజ్వల. ముఠాకి కొరియర్, మనకి ఇన్ఫార్మర్." డోయల్ ఫైల్ మూసింది. "నీకు ఆమె అంతకన్నా ఎక్కువే అని నాకు తెలుసు."

దామోదర్ స్క్రీన్ వైపు తిరిగాడు.

"ఇప్పుడు గోపాల్ లేడు, చిప్ లేదు, రెండు కథలున్నాయి. వాసుదేవరావు చెప్పేదేమంటే, తను ఫుడ్ సెంటర్‌లో కూర్చుని ఉంటే ఉజ్వల దూరంనుంచి చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయిందట. ఉజ్వలేమో అసలు ఆయనే రాలేదంటోంది. ఆయన పాస్‌పోర్ట్ మీద సింగపూర్ స్టాంప్ ఉంది. ఎవరిది అబద్ధం?"

"ఉజ్వలది," అన్నాడు దామోదర్.

"చిప్ ఒక్కటే ఉంటే లాభం లేదు. తయారు చెయ్యాలంటే డిజైన్ కావాలి. ముఠా ఫోన్ కాల్ ఒకటి విన్నాం. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి 'ఆల్బమ్' వస్తుందట. ఆల్బమ్ ఉజ్వల కోడ్‌నేమ్ అని మా నమ్మకం. ఆ రోజు వాసుదేవరావు ఇంట్లో పాట్‌లక్. మనకోసం ఆమెను ఆయనే పిలిచాడు. నువ్వు పక్కనే ఉండు. ఆమె ఎవరి చేతికైనా ఏదైనా ఇస్తే మాకు సిగ్నల్ ఇవ్వు. చెయ్యగలవా?"

"గోపాల్ కోసం చేస్తాను."

*

అది 2012. జూలై ఎండకి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్ కొండలు గోధుమరంగుకి తిరిగాయి. వాసుదేవరావు ఇంటి ముందు వీధి పొడుగునా కార్లు, గుమ్మంలో గుట్టగా చెప్పులు, తలా ఒక వంటకం పట్టుకొచ్చిన అతిథులు. వీధి చివర ఒక కేటరింగ్ వ్యాన్ ఆగి ఉంది. అందులో ఉన్నది భోజనం కాదు, డోయల్ టీమ్.

దామోదర్ కుర్తా పైబొత్తంలో మైక్, కుడిచెవిలో శనగగింజంత ఇయర్‌పీస్.

"వచ్చావా దామూ!" వాసుదేవరావు రెండు చేతులూ చాచి భుజాలు పట్టుకున్నాడు. డెబ్భై దాటినా మనిషి నిటారుగా ఉంటాడు. 1967లో పీహెచ్‌డీకి అమెరికా వచ్చి, ముప్పై ఏళ్ళు మిన్నెసోటాలో పనిచేసి, రిటైరవడానికి ముందు ఇక్కడికి మారాడు. దామోదర్ కాలేజీ మొదటి సంవత్సరంలో ఉండగానే తండ్రి చనిపోతే ఆయనే చదివించాడు. ఏజెన్సీలో చేరినప్పుడు ఈ కుర్రవాడికి నాదీ పూచీ అని సంతకం పెట్టిందీ ఆయనే.

"తిన్నాక సింగపూర్ ఫోటోలు వేస్తున్నా. పారిపోకు."

వంటింట్లో శారద ఆంటీ పాయసం కలుపుతోంది. చీర మీద బంగారు పూత పూసిన ఆర్కిడ్ పువ్వు బ్రోచ్. "మీ అంకుల్ సింగపూర్ నుంచి తెచ్చారు. నలభై రెండేళ్ళ కాపరంలో అడక్కుండా తెచ్చిన మొదటి వస్తువు," అని నవ్వింది.

ఉజ్వల కొంచెం ఆలస్యంగా వచ్చింది. బూడిదరంగు షిఫాన్ చీర, స్లీవ్‌లెస్ బ్లౌజ్, మెడదాకా కత్తిరించిన జుట్టు. హాల్లో సంభాషణలన్నీ ఒక్కసారి తగ్గి మళ్ళీ మొదలయ్యాయి. దామోదర్ పక్కన నిలబడి అటు చూడకుండానే అంది.

"మూడు వారాలైంది నువ్వు ఫోన్ చేసి."

"పనుంది."

"నేను చెప్పింది నమ్మావా లేదా? అదొక్కటి చెప్పు."

"నమ్మాను," అన్నాడు దామోదర్. ఇయర్‌పీస్‌లో డోయల్ ఊపిరి వినిపించింది.

ఉజ్వల ముఖం తేటపడింది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, చిన్న డబ్బీ తీసి, వంటింట్లోకి వెళ్ళి శారద చేతిలో పెట్టింది.

దామోదర్ వెంటనే ప్లేటులోకి చూస్తూ, మామూలు గొంతుతో అన్నాడు. "మజ్జిగలో ఉప్పు తక్కువైంది."

అదే సిగ్నల్.

"విన్నాం," అంది డోయల్. "పైనుంచి ఆదేశం వచ్చాక ఐదు నిమిషాల్లో లోపల ఉంటాం. ఆమెను కదలనివ్వకు."

వంటింట్లో శారద డబ్బీ మూత తీసి వాసన చూసింది. "కుంకుమపువ్వా! ఇంత ఎందుకు తెచ్చావమ్మా!"

దామోదర్ ఆ డబ్బీ మీదనుంచి చూపు తిప్పలేదు. డబ్బీ అడుగున ఏదో ఉండి ఉంటుందని తనకి తాను చెప్పుకున్నాడు.

*

కర్టెన్లు మూశారు. గోడ మీద సింగపూర్ వెలిగింది. మూడు టవర్ల నెత్తిన ఓడ లాంటి హోటల్, అద్దంలా మెరిసే రోడ్లు, ఆకుపచ్చ తీగలు పాకించిన ఆఫీసు బిల్డింగులు. లాప్‌టాప్ పక్కన నిలబడి వాసుదేవరావు చెబుతున్నాడు.

"రండి ఉజ్వలా, సింగపూర్ చూసినవాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి," అని పిలిచి మరీ కూర్చోబెట్టాడు. దామోదర్ ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఊరంతా కడిగిన కంచంలా ఉంటుందనుకోండి. ఫుడ్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళిపోతారు. అది ఉంటే ఆ సీటు వాళ్ళదే, ఎవరూ ముట్టుకోరు. రైల్లో అనౌన్స్‌మెంట్ తమిళంలో కూడా వస్తుంది. ఇక ఎండ! చొక్కా పిండుకోవాల్సిందే. మాల్ కనబడితే చాలు, ప్రాణం లేచొస్తుంది. అయితే లోపలికి అడుగు పెడతామా, ఆ ఏసీకి కళ్ళద్దాలు గుప్పున మసకబారిపోతాయి. తుడుచుకుంటే గాని దారి కనపడదు."

అందరూ నవ్వారు. దామోదర్ నవ్వలేదు.

గోపాల్ కళ్ళద్దాలు మసకబారింది లోపలికి వెళ్ళినప్పుడు కాదు, బయటికి వచ్చినప్పుడు. చల్లటి అద్దానికి వేడి తేమ తగలాలి. లోపలికి వెళ్ళేటప్పుడు మసకబారేది మిన్నెసోటాలో, మంచులోంచి ఇంట్లోకి వచ్చేటప్పుడు. ముప్పై ఏళ్ళ అలవాటు, ఆయన పొరపాటున తిరగేసి చెప్పి ఉంటాడు. అలా సర్దిచెప్పుకున్నా మనసు ఊరుకోలేదు.

"సాయంత్రాలు ఎలా ఉండేవి అంకుల్?"

"అద్భుతం రా! ఎండ తగ్గాక ఎనిమిదిన్నరకి, వెలుతురుండగానే, బే చుట్టూ వాకింగ్. నీళ్ళ మీద ఆ సూర్యాస్తమయం చూసి తీరాలి."

ఉజ్వల వేళ్ళు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. ముందుకి చూస్తూనే గొణిగింది. "ఏడున్నరకల్లా అక్కడ చీకటే దామోదర్. భూమధ్యరేఖ పక్కనే కదా, ఏడాది పొడుగునా అంతే. ఈయన ఆ ఊరు వెళ్ళలేదు."

దామోదర్ దగ్గినట్టు తలవంచి బొత్తంలోకి అన్నాడు. "ఆమె కాదు. ఆగండి."

"పాస్‌పోర్ట్ స్టాంప్ ఉంది," అంది డోయల్. "పక్కన కూర్చున్నావు కాబట్టి అలా అనిపిస్తోంది. టీమ్ బయల్దేరింది."

ఫోటోలు అయిపోవచ్చాయి. వెనక వరసలోంచి నాగమల్లేశ్వరి గొంతు వినిపించింది. పక్కవీధిలో ఉండే ఆవిడకి మనసులో మాట దాచుకోవడం రాదు. "అన్నయ్యగారూ, ఇన్ని ఫోటోల్లో మీరు ఒక్కదాంట్లోనూ లేరేంటండీ?"

"తీసినవాణ్ణి నేనే కదమ్మా!" వాసుదేవరావు నవ్వి మౌస్ అందుకున్నాడు. "మేం కూడా డిసెంబర్‌లో వెళ్తున్నాం అన్నావుగా. ఇదిగో, ఆల్బమ్ మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టేస్తున్నా. ఇంటికెళ్ళి తీరిగ్గా చూసుకోండి."

ఆల్బమ్.

గోడ గడియారంలో నాలుగున్నర.

ఆల్బమ్ మనిషి పేరు కాదు, కోడ్ కాదు. ఆల్బమే. ఫోటో లోపల మరో ఫైల్ దాచడం ఏజెన్సీలో ట్రైనీలకి మొదట నేర్పే విద్య. అది ఆన్‌లైన్‌లో చేరితే లోకంలో ఎవరైనా తీసుకోవచ్చు. దేనికోసం వెతకాలో తెలిసినవాడికి డిజైన్ దొరుకుతుంది, మిగతావాళ్ళకి ఓడ లాంటి హోటల్ కనబడుతుంది.

స్క్రీన్ మీద నీలం గీత కదులుతోంది. అరవై శాతం.

దామోదర్ లేచి వెళ్ళాడు. "అంకుల్, పక్కకి రండి."

వాసుదేవరావు లాప్‌టాప్‌కి అడ్డంగా నిలబడ్డాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళలో లేదు. "ఒక్క నిమిషం రా దామూ. అయిపోవస్తోంది."

అదే గొంతు. పరీక్షల రోజుల్లో రాత్రిళ్ళు పక్కన కూర్చుని లెక్క వచ్చేదాకా లేవనివ్వని గొంతు. పక్కకి తోస్తే పడిపోయే మనిషి. దామోదర్ చెయ్యి ఎత్తాడు గాని అది ముందుకి సాగలేదు.

ఎనభై ఐదు.

"ఉజ్వలా! గరాజ్‌లో మెయిన్ స్విచ్!"

ఆమె ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. వాసుదేవరావు ఆమెను ఆపబోయాడు. అప్పుడు గాని దామోదర్ చేతులకి బలం రాలేదు. ఆయన్ని నడుం దగ్గర పట్టుకుని గోడకి అదిమాడు. ఎముకల గూడులా తేలిగ్గా ఉన్నాడు.

తొంభై. తొంభై నాలుగు.

గోడ మీద సింగపూర్ ఆరిపోయింది. ఏసీ ఆగింది. ఇంటర్నెట్ పెట్టె మీద దీపాలు పోయాయి. చీకట్లో బ్యాటరీ మీద వెలుగుతున్న లాప్‌టాప్ స్క్రీన్ ఒక్కటే మిగిలింది. తొంభై ఏడు శాతం. కనెక్షన్ లేదు.

ఎవరో కర్టెన్ తీశారు.

"గోపాల్ ఈ ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశాడు అంకుల్?" అన్నాడు దామోదర్.

"వాణ్ణి చంపమని నేను చెప్పలేదు." వాసుదేవరావు సోఫా అంచున కూలబడ్డాడు. "నా పాస్‌పోర్ట్‌తో వెళ్ళినవాణ్ణి గోపాల్ హోటల్లో చూశాడట. నేనేమో సాక్రమెంటో దగ్గర ఒక మోటెల్ గదిలో ఉన్నాను. లాబ్‌లో ఫైల్స్ అన్నిటికీ తాళాలు వేశారు గాని నా బుర్రకి వెయ్యలేదుగా. మొత్తం మళ్ళీ గీశాను."

"ఎందుకు?"

"నలభై ఏళ్ళు వాళ్ళ రాడార్లు చేశాను రా. రెండువేల ఒకటి దాడుల తర్వాత ప్రతి ఏడూ కూర్చోబెట్టి నువ్వు ఎవరి మనిషివి అని అడిగారు. అడిగీ అడిగీ, చివరికి నన్ను ఎవరి మనిషినీ కాకుండా చేశారు."

"నన్నెవరూ అడక్కుండా మీరే పూచీ పడ్డారు. నేను మీ మనిషినే అనుకున్నాను."



శారద గుమ్మంలో నిలబడి ఉంది. "మోటెల్‌లోనా? రోజూ ఫోన్ చేసి ఇక్కడ వర్షం పడుతోంది శారదా అన్నారే!" చీర మీది ఆర్కిడ్ పిన్ను విప్పబోతే అది రాలేదు. చివరికి చీర చిరిగేలా లాగి టేబుల్ మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపేసింది.

అప్పటికి డోయల్ టీమ్ గరాజ్‌లోంచి లోపలికి వచ్చింది. ముందు ఇద్దరి మధ్య ఉజ్వల, చేతులు వెనక్కి, బేడీలతో.

"వదిలెయ్యండి!" అని అరిచాడు దామోదర్.

ఉజ్వల అతని బొత్తం వైపు చూసింది. చెవి వైపు చూసింది. రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషికి అంతకన్నా చెప్పనక్కర్లేదు.

"మజ్జిగలో ఉప్పు," అంది మెల్లగా. "నువ్వు మజ్జిగే పోసుకోలేదు. అప్పుడే అనుకోవాల్సింది నేను."

"ఉజ్వలా, సాక్ష్యం అంతా..."

"నమ్మాను అన్నావు."

బేడీలు తీసి వాసుదేవరావుకి వేశారు. మణికట్లు రుద్దుకుంటూ ఉజ్వల శారద దగ్గరికి వెళ్ళి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత గుమ్మంలో చెప్పులు వెతుక్కుని, ఎవరివైపూ చూడకుండా కారెక్కింది. దామోదర్ వీధి మలుపు దాకా ఆ కారునే చూశాడు. బ్రేక్ లైట్లు ఒక్కసారైనా వెలగలేదు.

*

"తెగిపోయిన ఫైల్ తెరుచుకోదు," అంది డోయల్ సోమవారం ఆఫీసులో. "అవతల కొనేవాడికి ఏమీ అందలేదు. పాస్‌పోర్ట్ వాడుకున్నవాడు లాస్ ఏంజలెస్ ఎయిర్‌పోర్ట్‌లో దొరికాడు. గోపాల్‌కి సూది గుచ్చిందీ వాడే."

"ఉజ్వల?"

"ఇక మనకి పని చెయ్యనంది. అడ్రస్ ఇవ్వలేదు." డోయల్ పెన్ను తీసింది. "స్టాంప్‌ని నమ్మింది నేను. అది నా ఫైల్లో రాసుకుంటాను."

"నమ్మాను అని అబద్ధం చెప్పింది నేను. అదెక్కడ రాసుకోవాలి?"

డోయల్ పెన్ను కింద పెట్టింది. "రెండు వారాలు సెలవు తీసుకో. ఎక్కడికైనా వెళ్ళు. కొత్త ఊరు చూడు. టికెట్ ఏజెన్సీ కొంటుంది."

దామోదర్ ఇయర్‌పీస్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"వెళ్తాను," అన్నాడు. "కానీ తిరిగొచ్చాక ఎలా ఉందని మాత్రం అడక్కండి."