కార్డు మార్చాలా, వద్దా?

"మీకు కొత్త కార్డు అమ్మను," అందామె.

కంప్యూటర్ షాపుకెళ్ళి గ్రాఫిక్స్ కార్డు అడిగితే, కౌంటర్ వెనక ఉన్న మనిషి అమ్మనంటే ఎలా ఉంటుంది? నాకైతే ఒళ్ళు మండింది.

"ఎందుకమ్మరు?"

"ముందు మీ సీపీయూ తెచ్చి చూపించండి. పేషెంటుని చూడకుండా నేను ఆపరేషన్ చెయ్యను."

"పదేళ్ళ నుంచి గేమ్స్ ఆడుతున్నానండీ. నా జబ్బేంటో నాకు తెలుసు. కారు మలుపు తిరిగేసరికి బొమ్మ ఆగిపోతోంది. సెకనుకి వచ్చే ఫ్రేములు పడిపోతున్నాయి. కార్డు పాతబడింది, అంతే."

"పేషెంట్లందరూ ఇలాగే చెప్తారు," అని చేతిలోని స్క్రూడ్రైవర్ని జుట్టు ముడిలో దోపుకుని, పక్కనున్న ల్యాప్‌టాప్ మీదికి వంగింది. అంటే నేనిక వెళ్ళొచ్చన్నమాట.

మర్నాడు సీపీయూని చంటిపిల్లాడిలా ఎత్తుకుని రెండు వీధులు నడిచి వెళ్ళాను. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి తిప్పింది. చూసింది. చేత్తో నోరు మూసుకుంది.

"నవ్వుతున్నారా?"

"లేదండీ. ఈ కార్డు ఎవరు పెట్టారు?"

"నేనే. రెండేళ్ళయింది."

"మానిటర్ వైరు ఎక్కడ గుచ్చుతున్నారో చూపించండి."

గర్వంగా చూపించాను.

"అది మదర్‌బోర్డుది. కార్డుది ఇదిగో, కింద. వీటి మూతలు కూడా తియ్యలేదు మీరు." నల్లటి చిన్న ప్లాస్టిక్ మూత ఒకటి పీకి నా అరచేతిలో పెట్టింది. "పాపం, దాన్ని పనిలో పెట్టుకుని రెండేళ్ళుగా ఏ పనీ చెప్పలేదు. పైగా ముసలిదైపోయిందని పంపించెయ్యడానికొచ్చారు."

పదేళ్ళ అనుభవమంతా ఆ మూతలో పట్టేసింది. తల దించుకుని ఇంటికొచ్చి, వైరు కింద గుచ్చి ఆడాను. కారు మలుపులో పాములా జారిపోయింది. ఆకుల మీద నీటి చుక్కలు కూడా కనపడ్డాయి.

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. కానీ నాకు దిగులు పట్టుకుంది. జబ్బు నయమైపోతే డాక్టర్ దగ్గరికి మళ్ళీ ఎలా వెళ్ళను?

"ఏంట్రా అలా ఉన్నావ్?" అంది అమ్మ.

"ఫ్రేములు పడిపోతున్నాయమ్మా," అన్నాను ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మేకు సరిగ్గా దిగలేదేమో. గట్టిగా కొట్టు. దానికే గోడ కూలినట్టు మొహం పెట్టాలా?"

వారం ఎలాగో ఆగి, మళ్ళీ సీపీయూ ఎత్తుకుని షాపు మెట్లెక్కాను.

"ఇప్పుడేమైందండీ?"

"గేమ్‌లో వాన పడితే బొమ్మకి కాస్త నత్తి వస్తోంది. కార్డు మార్చాలేమో."

అబద్ధం కాదు. కళ్ళు చికిలించి, ఊపిరి బిగబట్టి చూస్తే కాస్త వస్తోంది. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"వానలో ఎన్ని ఫ్రేములు, ఎండలో ఎన్ని, కొలిచి రాసుకుని రండి. అప్పుడు ఆలోచిద్దాం."

నేను ప్రెస్సులో పెళ్ళి కార్డులు డిజైన్ చేస్తాను. ఊరికే రాసుకెళ్ళడం చేతకాలేదు. మంచి కాగితం మీద, చక్కటి అక్షరాల్లో పట్టిక వేసి తీసుకెళ్ళాను.

"రిపోర్టు చుట్టూ ఈ పూల బోర్డరెందుకండీ?"

"చెయ్యి అలవాటు."

"బాగుంది," అని దాన్ని మడత పడకుండా సొరుగులో పెట్టుకుంది. ఆ సొరుగు మీద నాకు అసూయ కలిగింది.

ఇక అక్కణ్ణించి వారం వారం అదే వరస. ఒక వారం ఫ్యాన్లో దుమ్ముందంది. ఇంకో వారం ర్యామ్ తన స్లాటులో కాక పక్క స్లాటులో కూర్చుందంది. మరో వారం గేమ్ సెట్టింగుల్లో నీడలు తగ్గించి చూడమంది. ఒక సాయంత్రం నిజం వానే పట్టుకుంది. ఉన్న ఒక్క గొడుగూ సీపీయూకి పట్టి నేను తడుస్తూ వెళ్ళాను. ఆమె తువ్వాలు తెచ్చి ముందు సీపీయూని తుడిచింది.

"నేను కూడా తడిశానండీ," అన్నాను.

"మీలో సర్క్యూట్లేం లేవు కదా," అని, ఆ తర్వాత తువ్వాలు నాకిచ్చింది. ఇచ్చేటప్పుడు మాత్రం నా వంక చూడలేదు.

షాపు వాళ్ళ నాన్నది. ఆయన లోపలి గదిలో ప్రింటర్లు విప్పుకుంటూ ఉండేవాడు. అప్పుడప్పుడు తల బయటికి పెట్టి, "కొంటున్నాడామ్మా?" అనేవాడు. "ఆలోచిస్తున్నారు నాన్నా," అనేది ఆమె. ఆయన నిట్టూర్చి తల లోపలికి లాక్కునేవాడు.

నేను నిజంగానే ఆలోచిస్తున్నాను. కొన్నానంటే పని అయిపోతుంది. వద్దన్నా పని అయిపోతుంది. ఏదీ తేలనంత కాలమే నాకు ఆ మెట్లెక్కే హక్కు. ఇష్టమని నోరు తెరిచి చెప్పెయ్యొచ్చు కదా అంటారా? మానిటర్ వైరు ఎక్కడ పెట్టాలో తెలియనివాణ్ణి, ఆ మాట ఎక్కడ పెట్టాలో నాకేం తెలుసు?

ఆరో వారం వాళ్ళ నాన్నే మా ప్రెస్సుకొచ్చాడు.

"నువ్విక్కడా బాబూ! మంచిదైంది. మా అమ్మాయికి కార్డు కొట్టించాలి. ఒకటో తారీఖుకల్లా చేతికి రావాలి. మూడేళ్ళుగా నా ప్రాణం తీస్తోంది, ఇన్నాళ్ళకి సరేనన్నాను. ఇక దాని బెంగ తీరిపోయినట్టే. మిగతా వివరాలు అదే పంపిస్తుందిలే."

ఆయన వెళ్ళాక కార్డు మొదలుపెట్టాను. ఎందరి పెళ్ళి కార్డులో వేశాను. ఏనాడూ చెయ్యి ఆగలేదు. ఆ రోజు రెండు పావురాలు పెట్టడానికి గంట పట్టింది. ఒకవైపు ఆమె పేరు అందంగా వేశాను. రెండోవైపు ఖాళీ వదిలేశాను. ఆ ఖాళీ చూస్తుంటే ఏడుపొచ్చింది. అవును, ఏడుపే.

కాగితం తీసుకుని తిన్నగా షాపుకెళ్ళాను. ఆ రోజు సీపీయూ లేదు.

"కార్డు ఇచ్చెయ్యండి. కొనేస్తున్నాను," అన్నాను.

ఆమె చేతిలో పని ఆగింది. "అంత తొందరేంటి? నిన్నటిదాకా ఆలోచిస్తున్నానన్నారుగా."

"తేల్చేసుకుంటే మంచిది. ఇక ఇటు వచ్చే పనుండదు." పర్సు తీశాను. "మీ నాన్నగారు ప్రెస్సుకొచ్చారు. మీ కార్డు నేనే వేస్తున్నాను. కంగ్రాట్స్."

"థాంక్సండీ! ఎంత గొడవ పడితే ఒప్పుకున్నారో!"

"అంటే మీకు ముందునుంచీ ఇష్టమేనా?"

"చిన్నప్పటి నుంచీ. ఇంకెక్కడా నా మనసు నిలవదు."

"ఆయనేం చేస్తుంటారు?"

"ఎవరు?"

"అదే... ఆయన."

"నాన్నా? లోపల ప్రింటర్ విప్పుతున్నారు."

ఇక లాభం లేదని కాగితం తీసి బల్ల మీద పరిచాను. ఆమె వంగి చూసింది. కనుబొమలు పైకి లేచాయి.

"ఈ పావురాలేంటి?"

"నచ్చకపోతే తీసేసి పువ్వులు పెడతాను."

"విజిటింగ్ కార్డు మీద పువ్వులు మాత్రం ఎందుకండీ?"

"విజిటింగ్ కార్డా?"

"రిపేర్ల పనంతా ఒకటో తారీఖు నుంచి నాకప్పగిస్తున్నారు నాన్న. నా పేరు మీద కార్డు కావాలన్నాను. మీరేమనుకున్నారు?" మళ్ళీ కాగితం చూసింది. ఖాళీ దగ్గర ఆమె వేలు ఆగింది. అర్థమైంది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. బల్ల పట్టుకుని పగలబడి నవ్వింది. నాకు కూడా నవ్వొచ్చింది. ప్రాణం లేచొచ్చినప్పుడు మనిషి ఎంత పిచ్చిగా నవ్వుతాడో అప్పుడే తెలిసింది.

నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుని, మెల్లగా అంది. "మీకో నిజం చెప్పాలి. మీకు కొత్త కార్డు అక్కర్లేదు. మీ మానిటర్ సెకనుకి అరవై ఫ్రేములే చూపిస్తుంది. మీ పాత కార్డే అంతకంటే ఎక్కువ తీస్తోంది. ఎంత పెద్ద కార్డు పెట్టినా మీ కంటికి తేడా తెలీదు."

"ఇది మీకెప్పుడు తెలిసింది?"

"మీరు మొదటి రిపోర్టు తెచ్చిన రోజే."

"మరి ఇన్ని వారాలు నన్ను..."

లోపలి గది తలుపు తెరుచుకుంది. వాళ్ళ నాన్న తల బయటికొచ్చింది. ఈసారి మనిషంతా వచ్చాడు. "ఏంటమ్మా ఆ నవ్వులు? కొంటున్నాడా?"

"లేదు నాన్నా. ఆయనకి కార్డు అవసరం లేదు."

"అవసరం లేదా? మరి వారం వారం అంత బరువు మోసుకుంటూ ఎందుకొస్తున్నాడు?"

ఆమె నా వంకే చూస్తోంది. సాకులన్నీ అయిపోయాయి. దుమ్ము లేదు, నీడలు లేవు, వాన లేదు. మాట మాత్రం తడబడలేదు.

"మీ అమ్మాయి కోసమండీ," అన్నాను.

షాపులో ఫ్యాన్లన్నీ ఒక్కసారి గట్టిగా తిరుగుతున్నట్టనిపించింది. ఆయన నన్ను చూశాడు. బల్ల మీది పావురాల్ని చూశాడు. కూతురి వైపు తిరిగాడు.

"ఆయనకి అవసరం లేదని తెలిసీ నువ్వెందుకు రమ్మంటున్నావు మరి?"

"ఆయనెందుకు వస్తున్నారో అందుకే నాన్నా," అంది, తల వంచుకుని స్క్రూలు ఏరుకుంటూ.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకునేలోగా నాకు ఏడాది గడిచినట్టయింది.

"ఆ ముక్క మొదటి వారమే చెప్పొచ్చుగా బాబూ," అన్నాడు చివరికి. "నీ నడుమైనా మిగిలేది. కూర్చో. మీ అమ్మగారు ఏ టైమ్‌లో ఇంట్లో ఉంటారో చెప్పు."