చీల తీసిన ఎలుగు

"నాయనమ్మా, నిన్న సాయంత్రం ఈ గొళ్ళేనికి చీల పెట్టావా?"

అడిగినవాడు జోనాసి. ముప్పై అయిదేళ్ళ మనిషి. ఊళ్ళోకి తెల్ల ఎలుగులు రాకుండా చూసే కాపలాదారు. భుజాన తుపాకి ఉంది. అడిగింది మాత్రం పదేళ్ళ నివియాక్‌ని.

ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. జోనాసి అక్క కూతురే నివియాక్. కానీ జోనాసి తండ్రి కాపిక్‌కి తల్లి పేరు కూడా నివియాకే. ఆ ముసలమ్మ చనిపోయిన ఏడాదే ఈ పిల్ల పుట్టింది. ఆ పేరే పెట్టారు. ఉత్తర ధ్రువం దగ్గరి ఆ ఊళ్ళో పేరుతో పాటు వరసా వస్తుంది. కాబట్టి తాత కాపిక్ మనవరాలిని "అమ్మా" అని పిలుస్తాడు. మనవరాలు డెబ్బై ఏళ్ళ తాతను "అబ్బాయ్" అంటుంది. మేనమామకు ఆమె నాయనమ్మ. ఒక్క అమ్మకు మాత్రం, గిన్నెలు కడగమని చెప్పేటప్పుడు ఈ వరసలేవీ గుర్తుకు రావు.

మధ్యాహ్నం భోజనానికి బడి వదిలారు. తాత, మేనమామ, పిల్ల ముగ్గురూ సముద్రపు ఒడ్డున, బండి లాగే కుక్కల దగ్గర నిలబడి ఉన్నారు. ఏడు కుక్కలూ క్షేమంగానే ఉన్నాయి. వాటి తిండి దాచే ఇనుప పెట్టె మాత్రం నోరు తెరుచుకుని ఉంది. నిన్నటి దాకా దాని నిండా సీల్ అనే సముద్రపు జంతువు మాంసం ఉండేది. ఇప్పుడు అడుగున కాస్త కొవ్వు మరక మిగిలింది.

"పెట్టాను" అంది నివియాక్.

నిన్న సాయంత్రం చలి విపరీతంగా ఉంది. తరగతిలో నేస్తం పుటులిక్ హాకీకి రమ్మని దూరం నుంచి అరుస్తున్నాడు. కుక్కలకు మాంసం వేసి మూత దించింది. "ధన్" మని చప్పుడయింది. ఆ చప్పుడు ఆమెకు బాగా గుర్తుంది. చీల పెట్టడం అంత బాగా గుర్తు లేదు. కానీ రోజూ పెట్టేది నిన్న మాత్రం ఎందుకు పెట్టదు?

"బాగా గుర్తుందా?" అన్నాడు జోనాసి.

"ఏంట్రా ఆ ప్రశ్న?" అని కాపిక్ కసిరాడు. "మా అమ్మ పెట్టానంటే పెట్టినట్టే. నీకంటే ముందు నుంచి తెలుసు నాకు ఆవిడ."

జోనాసి బూటుతో మంచును అటూ ఇటూ తోసి చూశాడు. చీల ఎక్కడా కనబడలేదు. పెట్టె చుట్టూ పళ్ళెమంత పాదాల గుర్తులు ఉన్నాయి. ఎడమ ముందు కాలి ముద్రలో ఒక గోరు గుర్తు లేదు.

"నాన్నా, ఇది మామూలు ఎలుగు కాదు" అన్నాడు మెల్లగా. "చీల లాగి ఎక్కడో పారేసింది. గొళ్ళెం తప్పించింది. ఆ తర్వాత మూత ఎత్తింది."

"ఆకలి, నాయనా. జులైలో సముద్రం మీది మంచుగడ్డ కరిగితే ఒడ్డుకొచ్చింది. అప్పట్నుంచీ సరైన తిండేది? సముద్రం గడ్డకడితేగాని దానికి సీల్ దొరకదు. ఈ ఏడు నవంబరు సగమైనా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి."

"ఆకలిగా ఉన్నవి ఏటా వస్తాయి. చప్పుడు మాత్రం చేసే టపాకాయ తూటా పేలిస్తే పోతాయి. కానీ చీల తీయడం నేర్చినదానికి ఊళ్ళో ఏ పెట్టె అడ్డం? ఏ తలుపు అడ్డం? మళ్ళీ వస్తే దీన్ని ఊరికే తరమడం కుదరదు."

అతని చెయ్యి తుపాకి పట్టీ మీదకు వెళ్ళింది.

"చంపేస్తావా మామయ్యా?"

"నాకేం సరదానా నాయనమ్మా? ఇళ్ళల్లో పసిపిల్లలున్నారు. నాలుగింటికి రేడియోలో పెద్దవాళ్ళను అడుగుతాను. సరేనంటే..."

తుపాకి సర్దుకుని ఊరి వైపు నడిచాడు.

మధ్యాహ్నం బడిలో నివియాక్ ఒక్కసారిగా గొప్పదైపోయింది. గోరు లేని ఎలుగు సంగతి ఆమెకంటే ముందే తరగతికి చేరింది.

"మీ ఎలుగు చీలను పళ్ళతో పీకిందటగా!" అన్నాడు పుటులిక్.

"మా పెట్టె ఊళ్ళోకెల్లా గట్టిది తెలుసా? అయినా తీసింది. వెనక కాళ్ళ మీద నిలబడి తీసి ఉంటుంది."

రెండోసారి చెప్పేటప్పుడు "నిలబడి తీసింది" అని చెప్పింది. మూడోసారి ఆ ఎలుగు ఒక చేత్తో మూత పట్టుకుంది కూడా. పిల్లలు నోళ్ళు తెరిచి విన్నారు. తన ఎలుగు అంత తెలివైనది కావడం నివియాక్‌కి ఎంతో గర్వంగా అనిపించింది.

మూడున్నరకు బడి వదిలారు. తలుపు దగ్గర కోటు తొడుక్కుంటూ, "చూయింగ్ గమ్ ఉంది, కావాలా?" అని పుటులిక్‌ని అడిగింది. కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టింది.

గమ్ కంటే ముందు చల్లటిదేదో వేళ్ళకు తగిలింది.

వేలంత ఇనుప చీల. దాని తల మీద తాత ఆకురాయితో పెట్టిన గాటు.

"ఏదీ గమ్?" అన్నాడు పుటులిక్.

"లేదు" అంది నివియాక్. జేబులోంచి చెయ్యి తీయకుండానే ఇంటిదారి పట్టింది.

దారిలో ఒక్కసారి సముద్రం వైపు చూసింది. విసిరేస్తే నీళ్ళలో పడిపోతుంది. ఎవరికీ తెలియదు. అయినా తాను అబద్ధం చెప్పలేదు కదా! మధ్యాహ్నం చెప్పినప్పుడు అది నిజమనే అనుకుంది.

కానీ ఇప్పుడు తెలిసింది. ఇప్పటి నుంచి మాట్లాడకుండా ఊరుకుంటే, ఆ ఊరుకోవడం అబద్ధమే.

ఇంట్లో తాత నేల మీద అట్ట పరుచుకుని చేప కోస్తున్నాడు. రేడియో మోగుతోంది. ఊరి రేడియో నడిపే మియాలి ఒకరి పుట్టినరోజు చెప్పింది. తప్పిపోయిన ఎర్ర చేతితొడుగు గురించి చెప్పింది. ఆ తర్వాత ఎలుగు కబుర్లకు ఫోన్లు మొదలయ్యాయి. ఒకామె పొద్దున తన గుమ్మం ముందు ఎలుగును చూసింది. ఒకాయన చర్చి వెనక చూశాడు. ఇంకొకాయన విమానాల మైదానం దగ్గర. మరొకామె నూనె ట్యాంకుల దగ్గర.

కాపిక్ కడుపుబ్బ నవ్వాడు. "చూశావా అమ్మా? ఒక్క ఎలుగు నాలుగు చోట్ల నడిస్తే రేడియోలో నాలుగు ఎలుగులు. ఎలుగు పాదాల గుర్తులు చూసి జోనాసి పుస్తకంలో రాస్తాడు కాబట్టి బతికిపోయాం. లేకపోతే ఇక్కడ మనుషుల కన్నా ఎలుగులే ఎక్కువని బయటివాళ్ళు లెక్క కట్టేవారు."

మామూలుగా అయితే, "అబ్బాయ్, టీలో మళ్ళీ మూడు చెంచాల చక్కెరా?" అని ఆమె కోప్పడి ఉండేది. ఇవాళ కోటు కూడా విప్పకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

రేడియోలో జోనాసి గొంతు వినిపించింది. పెట్టె సంగతి, చీల సంగతి చెప్పాడు. ఏం చెయ్యమంటారని అడిగాడు.

"దాని గురించి తేలిగ్గా మాట్లాడకండి, ఎలుగు ఎక్కడున్నా వింటుంది" అంది ఒక ముసలమ్మ.

"వింటే విననీ. చీలలు తీసేదాన్ని ఊరి పక్కన ఉంచుకోలేం" అన్నాడు ఒక పెద్దాయన.

"కాపిక్ గారూ, పెట్టె మీది. మీరేమంటారు?" అని మియాలి అడిగింది.

తాత చేతులు తుడుచుకుని పక్క గదిలోకి వెళ్ళి ఫోన్ చేశాడు. ఒక గది అవతలే మాట్లాడుతున్నా, ఆయన గొంతు రేడియోలోంచి కూడా వస్తోంది.

"నేను ఎలుగును చూడలేదు. పాదాలు చూశాను. అడుగు లోతుగా పడలేదు. అంటే ఒంట్లో బరువు లేదు. బహుశా వయసూ లేదు. చంపమనడానికి నాకు నోరు రావడం లేదు. కానీ చీల మా అమ్మ పెట్టింది. తన చేత్తో పెట్టానని నాకు చెప్పింది. నేను ఆ మాట మీదే చెబుతున్నాను. అందుకని..."

నివియాక్ వెళ్ళి ఆయన ఖాళీ చేతిలో చీల పెట్టింది.

కాపిక్ ఆగిపోయాడు. ఆ నిశ్శబ్దం రేడియోలో ఊరంతా వినిపించింది.

"కాపిక్ గారూ? లైన్లో ఉన్నారా?"

"తాతా" అంది నివియాక్. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి.

ఆయన చీలను చూశాడు. తల మీద గాటును బొటనవేలితో తడిమాడు. తర్వాత ఆమె మొహం చూశాడు.

"ఉన్నాను" అన్నాడు ఫోన్లో. "మా అమ్మ మాట్లాడుతుంది."

ఫోన్ ఆమె చేతికి ఇచ్చాడు. అది ఎప్పటికంటే బరువుగా ఉంది.

"నేను... నివియాక్‌ని. చీల నా కోటు జేబులో ఉంది. ఇందాకే దొరికింది. నిన్న నేను పెట్టలేదు. పెట్టాననుకున్నాను. మూత చప్పుడు విన్నాను, అంతే. ఎలుగు నిలబడి తీసిందని బడిలో చెప్పాను. అది కూడా నేను చూడలేదు. ఎలుగు చీల తీయలేదు."

తర్వాత జోనాసి గొంతు వచ్చింది.

"అయితే అది మూత ఎత్తింది, అంతేగా నాయనమ్మా?"

"అంతే."

"మూత ఎత్తడానికి ఎలుగే కావాలా? మా రెండేళ్ళ పిల్ల కూడా ఎత్తుతుంది." అతను గట్టిగా ఊపిరి వదలడం రేడియోలో వినిపించింది. "పెద్దలూ, నాకైతే టపాకాయలు చాలనిపిస్తోంది."

"చాలు, చాలు" అన్నాడు ఇందాకటి పెద్దాయన.

"ఇదిగో, మా ఆయన్ని ఇప్పుడే మా పెట్టె దగ్గరకు పంపిస్తున్నాను" అంది మియాలి. "ఇంకెవరి జేబుల్లో చీలలున్నాయో మీరూ వెతుక్కోండి."

ఫోన్ పెట్టేశాక నివియాక్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఏడవకమ్మా."

"నా మాట నమ్మి ఊరందరి ముందూ చెప్పావు..."

"చెప్పాను." కాపిక్ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇదివరకటిసారి నువ్వు మా అమ్మగా ఉన్నప్పుడు, ఒక మజిలీలో టీ కెటిల్ మరిచిపోయి గుడారం ఎత్తించావు. సగం రోజు ప్రయాణం అయ్యాక నీకు గుర్తొచ్చింది. ఉన్న కెటిల్ అదొక్కటే."

"మీ నాన్న కోప్పడ్డాడా?"

"కెటిల్ దొరికాక తీరిగ్గా కోప్పడ్డాడు. ముందైతే కుక్కల్ని వెనక్కి తిప్పాడు. ఎక్కడ మరిచిందీ చెప్పావు కాబట్టి దొరికింది." ఆయన ఆమె తల నిమిరాడు. "పేరుతో పాటు మతిమరుపూ వచ్చింది. ఏం చేస్తాం?"

ఆమె ముక్కు తుడుచుకుంది. "అబ్బాయ్, చేప వాసన చేతులతో తల నిమరకు."

"హమ్మయ్య, వచ్చింది మా అమ్మ" అన్నాడు కాపిక్.

ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్ళి సీల్ తోలు తాడుతో చీలను పెట్టెకే కట్టేశారు.

రెండు రోజుల తర్వాత, తెల్లవారేసరికి పెట్టె మూత మీద కొత్త గీతలు ఉన్నాయి. గోరు లేని కాలు మళ్ళీ వచ్చింది. గీకింది, తోసింది, మూత రాలేదు. జోనాసి రెండు టపాకాయలు పేల్చేసరికి ఉత్తరం వైపు పరుగెత్తింది. ఆ తర్వాత ఆ పాదం ఊళ్ళో ఎక్కడా పడలేదు.

నవంబరు ఆఖరి వారంలో సముద్రం గడ్డకట్టింది. ఒక మధ్యాహ్నం నివియాక్, పుటులిక్ ఒడ్డున ఉండగా, చాలా దూరంలో తెల్లటి గడ్డ మీద కొంచెం పసుపుపచ్చని చుక్క ఒకటి కదిలింది. తల వంచుకుని, తొందర లేకుండా, సీల్ ఉండే చోటికి పోతోంది.

"అదే! మన ఎలుగే!" అని పుటులిక్ ఎగిరాడు.

జోనాసి నాలుగు చక్రాల బండి ఆపి పుస్తకం తీశాడు. "ఏం చూశావు నాయనమ్మా?"

"ఒక ఎలుగు. ఒంటరిది. తూర్పుగా పోతోంది."

"చిక్కి ఉందా?"

"ఇంత దూరానికి తెలియలేదు."

"పాదాలు?"

ముగ్గురూ ఒడ్డు వెంట నడిచి చూశారు. గాలికి పొడి మంచు కొట్టుకొచ్చి గుర్తులన్నీ పూడ్చేసింది.

"మరి మనదేనంటావా?"

నివియాక్ ఆ చుక్క వైపు చాలాసేపు చూసింది. ఇంకాసేపట్లో అది కనపడదు.

"మనదే అయితే బాగుండునని ఉంది" అంది చివరికి. "కానీ తెలియదు మామయ్యా."

జోనాసి తల ఊపి, అలాగే రాసుకున్నాడు.

"మనదేనని చెప్తే ఏం పోయింది?" అని పుటులిక్ సణిగాడు.

"చూడలేదుగా" అంది నివియాక్.

కుక్కలకు మాంసం వేసే వేళ అయింది. ఆమె ఏడింటికీ వేసి మూత దించింది. "ధన్" మంది. నివియాక్ ఆ చప్పుడుతో ఆగలేదు. చేతితొడుగు తీసి, గొళ్ళెంలో చీల దూర్చి, వట్టి వేళ్ళతో లాగి చూసింది. కదలలేదు. తర్వాత కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి చూసుకుంది.

గమ్ ఒక్కటే ఉంది. చలికి గట్టిపడిపోయిన దాన్ని రెండుగా విరిచి, పెద్ద ముక్క పుటులిక్‌కి ఇచ్చింది.