చిసే చెప్పిన సగం మాట

"రెండూ ఒకేలా ఉన్నాయి కదమ్మా!" అంది చిసే.

అమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. ఇంటి పనిముట్లు అమ్మే ఆ హోమ్ సెంటర్‌లో ఆ వరస నిండా రంపాలే. ఎదురుగా బల్ల మీద రెండు మైటర్ రంపాలు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. గుండ్రటి పళ్ల చక్రం, పైన పిడి, కింద ఇనుప పీట. చెక్కను పీట మీద బిగించి పిడి కిందికి నొక్కితే చాలు, ఏ కోణం కావాలంటే ఆ కోణంలో తెగుతుంది. ఒకదాని వెనక నల్లటి వైరు తోకలా వేలాడుతోంది. రెండోదానికి తోక లేదు, బ్యాటరీ ఉంది.

"ఏది మంచిదండీ?" అని అమ్మ దుకాణంలో పనిచేసే ఇవానగ గారిని అడిగింది.

ఇవానగ గారు నవ్వారు. "అలా అడిగితే ఏం చెప్పనమ్మా? ముందు ఎక్కడ కోస్తారో చెప్పండి. ఇంటి దగ్గర, ప్లగ్గు పక్కనే అయితే వైరుది తీసుకోండి. ధర తక్కువ, పొద్దస్తమానం కోసినా అలిసిపోదు. కరెంటు లేని చోటికి మోసుకెళ్లాలంటే మాత్రం బ్యాటరీది. కాకపోతే ఛార్జింగ్ అయిపోయిందనుకోండి, చేతులు కట్టుకుని కూర్చోవాలి."

"మెట్ల మలుపులో ఒక కూర్చునే బల్ల చెయ్యాలని మా ఆయన పట్టుదల. ఆయన్నే అడుగుదాం," అంది అమ్మ.

చిసే వాళ్ల ఇల్లు నాగసాకిలో ఒక కొండ అడుగున ఉంది. ఆ కొండ మీద ఇళ్లకు రోడ్డు లేదు, మెట్లే దారి. పైన ఉండే కినుయో బామ్మ కూరగాయలు కొనుక్కుని ఎక్కేటప్పుడు సగం దారిలో మలుపు దగ్గర ఆగుతుంది. అక్కడి చల్లటి రాతి మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుంటుంది. ఆగస్టు సెలవులకు వచ్చినప్పుడు నాన్న అది చూశాడు. "ఈసారి వచ్చినప్పుడు ఇక్కడ బల్ల వేస్తా బామ్మా," అని మాటిచ్చాడు. ఇంట్లో ఉన్న పాత రంపం అదే నెలలో పొగ కక్కి ఆగిపోయింది.

నాన్న ఏప్రిల్ నుంచి జపాన్ ఉత్తరపు కొసన, హొక్కైడోలో ఉంటున్నాడు. కంపెనీ వాళ్లు బదిలీ చేశారు. నాగసాకిలో చెర్రీ పూలు రాలిపోయాక కూడా అక్కడ మంచు ఉంటుందట. అంత దూరం.

అమ్మ ఫోన్ కలిపి, "నాన్నతో మాట్లాడుతూ ఉండు. నేను చెక్కలు చూసొస్తా," అని ఇవానగ గారి వెంట వెళ్లింది.

"ఏంటి మేస్త్రీ, సంగతులు?" అన్నాడు నాన్న. చిసేని ఆయన ఎప్పుడూ అలాగే పిలుస్తాడు.

చిసే ఇవానగ గారు చెప్పిందంతా చెప్పింది.

"అయితే బ్యాటరీదే నయమేమో. తేలిగ్గా ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. ఇక్కడ మా క్వార్టర్స్ వెనక షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. కరెంటు లేదు. ఆదివారాలు అసలు పొద్దుపోవడం లేదే తల్లీ. అప్పుడప్పుడు ఇక్కడికి కూడా తెచ్చుకోవచ్చు."

చిసే బ్యాటరీ రంపం వైపు చూసింది.

రంపం కూడా అక్కడికి వెళ్లిపోతే? నాన్న ఆదివారాలు ఆ షెడ్డులోనే గడిచిపోతే? చెక్కపొట్టు అక్కడే రాలుతుంది. నాన్న చొక్కాకి ఆ వాసన అక్కడే అంటుకుంటుంది. ఇక ఇంటికి రావాలని ఆయనకెందుకు అనిపిస్తుంది?

బరువైన తోక రంపం అయితే ఇంట్లోనే ఉంటుంది. దాని కోసమైనా నాన్న రావాలి.

"కానీ ముందొక సంగతి చెప్పు," అన్నాడు నాన్న. "బల్లని మలుపు దగ్గరే కొలుస్తూ కొయ్యాలి. అక్కడ మోరిసాకి వాళ్ల ఇల్లుంది కదా. బయట గోడకి ప్లగ్గు ఉందా? ఉంటే వాళ్లని అడిగి వాడుకోవచ్చు. అప్పుడు వైరుదే చాలు."

ఆ గోడకి ప్లగ్గు ఉంది. చిసే రోజూ దాన్ని చూస్తూనే కొండ అవతలి బడికి వెళ్తుంది. కానీ మోరిసాకి వాళ్లు సెప్టెంబరులోనే కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. కరెంటు కూడా తీసేశారు. ఆ సంగతి నాన్నకి తెలియదు.

"ఉంది నాన్నా," అంది చిసే. "గోడకి ప్లగ్గు ఉంది."

"భలే! అయితే వైరుదే తీసుకోండి."

అమ్మ తిరిగొచ్చింది. "నాన్న వైరుదే కావాలన్నాడు," అంది చిసే.

"మెట్ల మీద ఎలా మరి?" అని ఒక్క క్షణం ఆలోచించింది అమ్మ. "సరేలే, ఆయనకే తెలుసు."

ఇంటికి వెళ్తుంటే రంపం పెట్టె కారు వెనక సీట్లో, చిసే పక్కనే ఉంది. తను అబద్ధమేమీ చెప్పలేదు అనుకుంది చిసే. ప్లగ్గు నిజంగానే ఉంది కదా! అయినా పెట్టె వైపు చూడాలనిపించలేదు. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది.

నవంబరులో నాన్న వచ్చాడు. ఉన్నది ఒక్క శనివారమే. ఆదివారం పొద్దున్నే తిరుగు విమానం.

ఆ శనివారాన్ని చిసే ఎన్నిసార్లు ఊహించుకుందో! నాన్న కోస్తుంటాడు. తను పెన్సిలుతో గీతలు పెడుతుంది. నాన్న అక్కడి నక్కల గురించి, ఇంటి చూరంత ఎత్తు మంచు గురించి చెబుతుంటాడు. కినుయో బామ్మ కాల్చిన చిలగడదుంపలు తెస్తుంది. ముగ్గురూ ఊదుకుంటూ తింటారు.

అమ్మ పనికి వెళ్లిపోయింది. నాన్న రంపాన్ని మెట్ల మీదుగా మలుపు దాకా మోశాడు.

"ఇది రంపమా, ఏనుగు పిల్లా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

తర్వాత జేబులోంచి ఒక పొట్లం తీశాడు. హొక్కైడో మిఠాయిలు. కరెంటు అడగడానికి ఉత్త చేతులతో వెళ్లకూడదని తెచ్చాడు. మోరిసాకి వాళ్ల తలుపు తట్టాడు.

"ఏవండీ! ఉన్నారా?"

ఎవరూ పలకలేదు. మళ్లీ తట్టాడు. అప్పుడు చూశాడు. కిటికీలకు చెక్క తలుపులు బిగించి ఉన్నాయి. ఉత్తరాల పెట్టె నోటికి టేపు అంటించి ఉంది. గుమ్మంలో మోకాలెత్తు గడ్డి.

నాన్న మిఠాయి పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వీళ్లు వెళ్లిపోయారా?"

"సెప్టెంబరులో," అంది చిసే.

"నీకు ముందే తెలుసా?"

"నువ్వు ప్లగ్గు ఉందా అని అడిగావు," అంది చిసే గొంతు తగ్గించి. "ప్లగ్గు ఉంది."

నాన్న ఆమె వైపు ఒకసారి చూశాడు. తిడితే బాగుండు అనిపించింది చిసేకి. ఆయన వంగి ఏనుగు పిల్లని మళ్లీ ఎత్తుకున్నాడు.

దగ్గర్లో ఇంకో ఇల్లు లేదు. ఇంట్లో ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మొత్తం విప్పినా సగం మెట్లకే సరిపోయింది. రంపాన్ని ఇంటి పెరట్లోనే పెట్టాల్సి వచ్చింది.

ఇక మొదలైంది ఎక్కడం, దిగడం. మలుపులో రాళ్లు ఎత్తుపల్లాలుగా ఉన్నాయి. బల్లకు ఒక్కో కాలు ఒక్కో పొడుగుండాలి. నాన్న పైన కొలిచి, కిందికి దిగి కోసి, మళ్లీ ఎక్కి పెట్టి చూసేవాడు.

"వెంట్రుకవాసి పొడుగైంది!" అనేవాడు. మళ్లీ కిందికి.

కాసేపయ్యాక చిసేని కొలతబద్దతో పైనే ఉండమన్నాడు. ఆయన కింద, తను పైన. కింద నుంచి రంపం అరుపు వినిపించేది. నాన్న కనిపించేవాడు కాదు. పైకి వచ్చినా ఆయాసంతో మాట్లాడలేకపోయేవాడు. నక్కల కథలు లేవు. కినుయో బామ్మ చిలగడదుంపలు తెచ్చింది కానీ, నాన్న వచ్చేసరికి అవి చల్లారిపోయాయి.

ఇన్నాళ్లు ఎదురుచూసిన రోజు ఇదే. నాన్న ఇదే కొండ మీద ఉన్నాడు. అయినా చిసేకి ఆయన ఇంకా ఎక్కడో దూరంగా ఉన్నట్టే అనిపించింది.

సాయంత్రానికి నాలుగు కాళ్లు నిలబడ్డాయి. చుట్టూ చట్రం బిగిసింది. పైన కూర్చోవడానికి పలకలు లేవు. చీకటి పడుతోంది.

కినుయో బామ్మ ఉల్లికాడల సంచితో మెట్లెక్కుతూ వచ్చింది. "అబ్బో, కాళ్లు మొలిచాయే!" అంది. చేతిరుమాలు పరుచుకుని, ఎప్పటిలాగే రాతి మీద కూర్చుంది.

"పూర్తి చెయ్యలేకపోయాను బామ్మా. రేపు పొద్దున్నే వెళ్లిపోవాలి," అని నాన్న తల వంచాడు. "కొత్త సంవత్సరానికి వస్తాను."

"దానికంత బాధెందుకు నాయనా? అప్పటిదాకా ఈ రాయి ఎక్కడికీ పోదులే." బామ్మ మోకాళ్లు నిమురుకుని, మెల్లగా లేచి వెళ్లిపోయింది.

ఆమె పై మెట్ల మీద కనుమరుగయ్యేదాకా చిసే చూసింది. ఆ తర్వాత ఇక ఆపుకోలేకపోయింది.

"నాన్నా, నేను కావాలనే చెప్పలేదు. వాళ్లు లేరని, కరెంటు లేదని తెలుసు. బ్యాటరీది కొంటే నువ్వు అక్కడికి తీసుకెళ్లిపోతావని... అక్కడే నీకు బాగుంటుందని... ఇక రావని..."

మిగతా మాటలు ఏడుపులో కలిసిపోయాయి.

నాన్న ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. కింద ఓడరేవులో దీపాలు వెలుగుతున్నాయి.

"నేను రంపం కోసం వస్తాననుకున్నావా, పిచ్చి మేస్త్రీ?"

చిసే గబగబా కళ్లు తుడుచుకుంది.

"అక్కణ్ణుంచి నాకు ఇల్లు కనబడదు చిసే. ఈ మెట్లు కనబడవు. బామ్మ కనబడదు. నువ్వు ఫోన్‌లో ఏది చెబితే అదే నాకు కనబడుతుంది. నువ్వు ప్లగ్గు చూపించావు, ఆ ఇంటి తలుపు చూపించలేదు. నేను తెలియక వచ్చి ఆ తలుపు కొట్టాను."

అంతే అన్నాడు. తర్వాత చల్లారిన చిలగడదుంపని రెండుగా తుంచి, పెద్ద ముక్క ఆమెకిచ్చాడు.

ఆదివారం ఆయన వెళ్లిపోయాడు. సోమవారం బడికి వెళ్తూ చిసే మలుపు దగ్గర ఆగింది. పలకలు లేని చట్రం మీద రాత్రి కురిసిన వాన చుక్కలు నిలిచి ఉన్నాయి. కొత్త సంవత్సరం చాలా దూరం అనిపించింది.

సాయంత్రం, "అమ్మా, పలకలు మనం కోద్దామా?" అని అడిగింది.

"నేనా? ముల్లంగి తప్ప ఇంకేమీ కోసి ఎరగను!" అంది అమ్మ. అయినా నాన్నకి ఫోన్ చేసింది.

శనివారం అమ్మ పెరట్లో రంపం ముందు నిలబడింది. నాన్న ఫోన్‌లోంచి ఒక్కొక్కటే చెప్పాడు. "పొట్టు పడకుండా కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకున్నావా? చెక్క బిగించావా? చెయ్యి దూరం. కోశాక చక్రం పూర్తిగా ఆగనివ్వు, అప్పుడే పిడి పైకెత్తు."

కొలతలు తేవడం చిసే పని. మలుపు దాకా పరుగెత్తి, కొలిచి, తిరిగొచ్చింది.

"ఎంత?" అన్నాడు నాన్న.

చిసే ఒక్క క్షణం తటపటాయించింది. "రెండు పక్కలా ఒకేలా లేదు నాన్నా. కుడి చివర వెడల్పు ఎక్కువ. తప్పు కొలిచానేమోనని మళ్లీ కొలిచా. మనం ఆ రోజు కంగారులో చట్రాన్ని కొంచెం వంకరగా బిగించాం."

"అలాగా!" నాన్న నవ్వాడు. "మంచిపని చేశావు చెప్పి. లేకపోతే కుడి వైపు పలకలన్నీ పొట్టివైపోయేవి. ఒక్కో పలకకి విడిగా కొలత చెప్పు."

పెరట్లో ప్లగ్గు పక్కనే ఉంది. తోక రంపం అలుపు లేకుండా కోసింది. మొదటి పలక తెగ్గానే అమ్మ చిన్నపిల్లలా గెంతింది. ఎండ తగ్గేలోపు ఇద్దరూ పలకలన్నీ పైకి మోసి బిగించారు.

కినుయో బామ్మని పిలుచుకొచ్చారు. బామ్మ ముందు చేత్తో తడిమింది. తర్వాత కూర్చుంది. కాళ్లు చాపి, కళ్లు మూసుకుంది.

"వెచ్చగా ఉంది," అంది.

చిసే నాన్నకి వీడియో కాల్ చేసింది. "బాగుందా?" అని అడిగాడు నాన్న.

"చూడు," అంది చిసే.

ఫోన్‌ని బల్ల మీదుగా నెమ్మదిగా తిప్పింది. సాఫీగా వచ్చిన పలకల్ని చూపించింది. చివర్లో వంకరగా తెగిన పలకని కూడా చూపించింది. కిందికి వంగి ఎడమ వైపు కాలు చూపించింది. "ఇది కొంచెం ఊగుతోంది. రాయికీ దీనికీ మధ్య చెక్క ముక్క దోపాం. నువ్వు వచ్చాక సరిచెయ్యాలి."

బామ్మని చూపించింది, బామ్మ చెయ్యి ఊపింది. మోరిసాకి వాళ్ల మూసిన తలుపునీ చూపించింది. కింద ఓడరేవునీ, సాయంత్రపు పడవల్నీ చూపించింది.

"అంతా చూశాను మేస్త్రీ. చాలా బాగుంది. మరి నువ్వెలా ఉన్నావు?"

ఏప్రిల్ నుంచి ఆ ప్రశ్నకి చిసే దగ్గర ఒకటే జవాబు. 'నేను బానే ఉన్నా నాన్నా.' ఆ మాట ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చింది.

ఆమె దాన్ని బయటికి రానివ్వలేదు. ఫోన్ తన వైపు తిప్పుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి, ముక్కు ఎర్రబడి ఉంది. తుడుచుకోలేదు.

"ఇలా ఉన్నా," అంది.

నాన్న ఫోన్‌కి దగ్గరగా జరిగి, ఆ మొహాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు.