తలకాయని ఎవడు కొట్టేస్తాడు

ఆ సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే అతన్ని అందరూ తాళంచెవి అనేవాళ్ళు. ఎదుట కాదు, చాటున. చెప్పేవాడికి వినేవాడు లోకువన్నట్టు, కొట్లోకి వచ్చినవాణ్ణి ఒక క్లాసు పీకనిదే వదిలేవాడు కాదు. క్రెడిట్ కార్డులన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. కార్డు ఫొటో తీసి ఫోన్‌లో దాచుకునేవాళ్ళంటే నవ్వు. అనుమానం వస్తే ముందు కార్డు ఆపేయండి, ఆలోచించడం తర్వాత అని అందరికీ చెప్పేవాడు. చివర్లో ముఖం చూపిస్తే తెరుచుకునే తాళం పెట్టి, "పాస్‌వర్డయితే ఎవడైనా కొట్టేస్తాడు. తలకాయని ఎవడు కొట్టేస్తాడండీ?" అని పంపేవాడు. ఆ మాట బామ్మర్ది ముందు కూడా అన్నాడు. అదే కొంప ముంచింది.

బామ్మర్ది అంటే భార్యకి తమ్ముడే. ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర కారు డ్రైవరు. పెద్దాయనకి రాళ్ళ క్వారీలున్నాయి, అరడజను కార్డులున్నాయి, వెనకాముందూ ఎవరూ లేరు. మనిషి మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. బ్యాంకు నుంచి అని ఎవడు ఫోన్ చేసినా ఓటీపీ చదివి వినిపించి, పైగా భోంచేశావా నాయనా అని అడిగేవాడు. ఇక లాభం లేదని తాళంచెవి స్వయంగా వెళ్ళి ఆ కార్డులన్నిటినీ ఒక్క యాప్‌లో చేర్చి, ముఖం తాళం వేశాడు. ఫొటో పెడితే తెరుచుకోదని, అది అడిగినప్పుడు రెప్ప వేయాలని, తల తిప్పమన్నవైపు తిప్పాలని, ప్రాణమున్న మనిషే కావాలని విడమరిచి చెప్పాడు. బామ్మర్ది పక్కనే కారు తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డాడు. విన్నాడు కానీ, సగమే విన్నాడు.

ఒక మధ్యాహ్నం తాళంచెవి భోజనానికి బయల్దేరుతూ షట్టరు సగం దించాడు. కొట్లో టంకం వాసన ఇంకా పోలేదు. ఫ్యాను తిరిగినప్పుడల్లా టిక్కుమంటోంది. షట్టరు కింద నుంచి వంగి బామ్మర్ది లోపలికొచ్చాడు. వచ్చి, దాన్ని నేల దాకా దించేశాడు. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో ఐస్ పెట్టె. అతనితోపాటు ఒక వాసన కూడా వచ్చింది, అప్పుడే కడిగిన మాంసం కొట్టు వాసన.

"బావా, ఒక ఫోన్ తెరవాలి," అన్నాడు.

బల్ల మీద పెట్టింది పెద్దాయన ఫోను. ఆయన రాకుండా ఇది తెరుచుకోదని తాళంచెవి విసుక్కున్నాడు.

"వచ్చాడు," అన్నాడు బామ్మర్ది. పెట్టె మూత తీశాడు.

ఐసు ఎర్రగా కరుగుతోంది. మధ్యలో నెరిసిన జుట్టు, నుదురు, సగం తెరిచిన కళ్ళు. మెడ ఒక్క వేటుకి తెగలేదు. ఎన్ని వేట్లు పడ్డాయో, అంచులన్నీ చింపిరి గుడ్డలా వేలాడుతున్నాయి. తాళంచెవికి పై ప్రాణాలు పైనే పోయాయి. చెత్తబుట్టలో వాంతి చేసుకున్నాడు. లేచేసరికి గొంతు కింద చల్లగా కత్తి తగిలింది.

"ముఖం చూపించమంటే చూపించలేదు బావా. కాళ్ళు పట్టుకుని అడిగాను. తలకాయే తాళమని నువ్వేగా అన్నావు." బామ్మర్ది గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "తెరవకపోతే ఈ పెట్టెలో రెండో తలకి చోటుంది. తర్వాత అక్క దగ్గరికి కూడా వెళ్ళాలి. ఆ పని నాకిష్టం లేదు."

ఇంట్లో భార్య ఒంటరిగా ఉంది. ఈ తమ్ముడు పిలిస్తే నవ్వుతూ తలుపు తీస్తుంది. అది తల్చుకునేసరికి తాళంచెవికి ఏడుపొచ్చింది.

అయినా ఒక దారుంది. ఫోన్ తెరవకుండానే కార్డులన్నీ ఆపేసే మీట ముందు తెర మీదే ఉంది. పెట్టింది తనే. వేలు అక్కడిదాకా వెళ్ళింది... ఆగింది. అంత భయంలోనూ పనివాడి పొగరు చావలేదు. తను వేసిన తాళం ఇంతవరకు ఎవడికీ లొంగలేదు. చచ్చినవాడు రెప్ప వేయడుగా. మూడుసార్లు తప్పితే అదే మూసుకుంటుంది. తన తాళం గెలవడం తన కళ్ళతో చూడాలనిపించింది. తలని ఎత్తి బల్ల మీద పెట్టి, దీపం దగ్గరికి జరిపి, ఫోన్ ఎదురుగా పట్టుకున్నాడు.

"ఒకసారి రెప్ప వేయండి," అంది యాప్, తీయటి ఆడగొంతుతో.

ఏమీ లేదు. బామ్మర్ది వేళ్ళతో రెప్పలు పైకీ కిందకీ లాగాడు. కుదరలేదంది. మళ్ళీ లాగాడు. మళ్ళీ కుదరలేదంది. ఇదే చివరిసారి అంది. బామ్మర్ది బూతు తిట్టి చేతులు తీసేశాడు.

అప్పుడు...

రెప్పలు మూసుకున్నాయి. ఎవరూ తాకలేదు. నెమ్మదిగా మూసుకున్నాయి... తెరుచుకున్నాయి.

"ధన్యవాదాలు. తల కుడివైపు తిప్పండి."

తెగిన మెడ బల్ల మీద రాసుకుంటూ తిరిగింది. కుడివైపు బామ్మర్ది ఉన్నాడు. తెర మీద ఇప్పుడు అతని ముఖం ఉంది.

"కొత్త ముఖం చేర్చాలా?"

పెదవులు కదిలాయి. మాట రాలేదు, గొంతేది రావడానికి. యాప్‌కి మాత్రం వినిపించింది. "సరే," అంది.

బామ్మర్ది కేకపెట్టి ఆ బుగ్గలోకి కత్తి దించాడు. చీలింది అతని బుగ్గే. పళ్ళు బయటపడ్డాయి. పిచ్చెత్తినట్టు మళ్ళీ పొడిచాడు, ఈసారి కన్ను. అతని కన్ను నీరై కారింది. కత్తి వదిలేయబోయాడు. చెయ్యి వినలేదు. అదే చెయ్యి పైకి లేచి అతని మెడ మీద పడింది. ఒక వేటు... ఇంకొకటి... పెద్దాయన మెడ మీద ఎన్నున్నాయో అన్నీ. నెత్తురు ఫ్యానుకి తగిలి గోడలన్నిటి మీదా చిమ్మింది. బావా, బావా అంటూ ఆ గొంతు కాసేపు బుడగలు కక్కింది.

తాళంచెవి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ రెప్పల మీద ఒక వెలుగు మెరిసింది. చేతిలో ఫోన్ ఎప్పుడు తనవైపు తిరిగిందో తెలియదు.

"కళ్ళు మూసుకున్నారు," అంది యాప్. "పర్వాలేదు."

కళ్ళు తెరిచేసరికి బామ్మర్ది నేల మీద ఉన్నాడు, తల ఒక తోలు ముక్కతో అంటుకుని ఉంది. బల్ల మీద పెద్దాయన తల లేదు. తడి మరక ఉంది, అంతే.

పోలీసులకి చెప్పాలని తన ఫోన్ తీశాడు. ఈ ముఖం యజమానిది కాదని చూపించింది. మొహం మీద నెత్తురు తుడుచుకుని మళ్ళీ చూపించాడు. కాదంది. ఇంతలో బల్ల మీది కంప్యూటరు చిన్నగా మోగింది. ఇంటి తలుపుకి కూడా తనే ముఖం తాళం పెట్టాడు, భార్య తాళాలు పారేసుకుంటోందని. తెర మీద ఒక్క వరుస కనిపించింది: యజమాని లోపలికి వచ్చారు.

కొట్లోని పాత ల్యాండ్‌లైన్ ఎత్తి భార్య సెల్‌కి చేశాడు. ఆమె వెంటనే ఎత్తింది.

"బయటికి వెళ్ళిపో... ఇప్పుడే... నేను కొట్లో ఉన్నా," అని గుసగుసలాడాడు.

ఆమె నవ్వింది. "పక్క గదిలో కూర్చుని ఫోనేంటండీ? కంచం పెట్టాను, రండి."

ఫోన్ పెట్టేయలేదు, చేత్తోనే పట్టుకుని నడుస్తున్నట్టుంది. చెప్పుల చప్పుడు. గది తలుపు చప్పుడు. తాళంచెవి అరుస్తూనే ఉన్నాడు. ఆమె గొంతు దూరం నుంచి వచ్చింది, తనతో కాదు. "ఇదేంటి, కళ్ళు మూసుకునే ఇంటిదాకా నడిచొచ్చారా?"

తర్వాత ఒక మగ గొంతు, అచ్చంగా తన గొంతే, చాలా ప్రేమగా అంది.

"ఇలా చూసి... ఒకసారి రెప్ప వెయ్యి."